కిట్ లెన్స్ చాలు, ముందు మన మొహాలు తీద్దాం



పోస్టు పెద్దదే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. తిట్టేది ఉంటే ఆ తర్వాత తిట్టండి.

మొన్న మైపాడు వైపు మన కాలనీలో ఒక అవ్వ చనిపోయింది. ఫ్లెక్సీ కొట్టిద్దామని మనవళ్లు ఫోటో కోసం ఇల్లంతా వెతికారు. ఒక్కటి లేదు. చివరికి ఆధార్ కార్డు మీది ఫోటోనే సెల్లుతో తీసి పెద్దది చేయించారు. డెబ్బై ఏళ్లు కాలవల్లో, చెరువుల్లో చేపలు, ఎండ్రకాయలు పట్టి ఆరుగురు పిల్లల్ని సాకిన మనిషి. ఆ ఫ్లెక్సీలో ఆమె మొహం ఒక బూడిదరంగు మచ్చ. కూతురే దగ్గరికి పోయి చూసి "ఇది మాయమ్మ మాదిరి లేదబ్బా" అనింది.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, మన సంఘానికి ఉమ్మడిగా ఒక కెమెరా కొందామని చందా మొదలుపెట్టి నెల దాటింది. ఇంతవరకు తేలలేదు. ఒకరు "ఫోను ఉండగా కెమెరా ఎందుకు" అంటారు. ఇంకొకరు "కొంటే ఫుల్‌ఫ్రేమే కొనాలి, కిట్ లెన్స్ అంటే డబ్బాతో పాటు వచ్చే బొమ్మ" అంటారు. మూడో ఆయన "కూడు లేనోళ్లకు కెమెరా ఏందయ్యా" అంటాడు. చూసి రమ్మని మా నలుగురికి అప్పజెప్పారు కాబట్టి, ఉద్యోగం చేస్తున్న ఒక సీనియర్ అన్న దగ్గర కెనాన్ ఈఓఎస్ ఆర్50, దాంతో వచ్చే 18-45 కిట్ లెన్స్ అడిగి తెచ్చి మూడు ఆదివారాలు వాడాం. మా తీర్పు ముందే చెప్పేస్తున్నాం. ఇదే కొనాలి, కిట్ లెన్స్‌తోనే కొనాలి. ఎందుకో వినండి.

ముందు "ఫోను చాలు" అనేవాళ్లకు. మీ ఫోను మీ మొహాన్ని ఏం చేస్తోందో ఎప్పుడన్నా గమనించారా? చాలా ఫోన్లలో సెల్ఫీ తీయగానే చర్మం నునుపు చేసి, రంగు ఒక మెట్టు తెల్లగా చేసి ఇస్తుంది. "బ్యూటీ" అని పేరు. అంటే మన నలుపు ఒక లోపమని, దాన్ని సరిచేయాలని ముందే ఎవరో నిర్ణయించి అందులో పెట్టారు. ఇది కొత్త కథ కాదు. రంగుల ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ల్యాబులకు 'షర్లీ కార్డు' అని ఒకటి పంపేది. దాని మీద ఒక తెల్ల అమ్మాయి ఫోటో. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు లెక్క. నల్లవాళ్ల మొహాలు మాడిపోయినట్టు వచ్చినా ఎవరికీ పట్టలేదు. చాక్లెట్ల రంగు, చెక్క సామాన్ల రంగు సరిగా రావట్లేదని ఆ కంపెనీలు అడిగాక కదలిక వచ్చిందని కొడాక్‌లో పనిచేసినవాళ్లే తర్వాత చెప్పారు. చాక్లెట్‌కు దొరికిన మర్యాద మనిషికి దొరకలేదన్నమాట.

కెమెరా మాత్రం పుణ్యాత్మురాలా అంటే, కాదు. ఏ కెమెరా మీటరైనా ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక మధ్యరకం బూడిదరంగు అనుకుని వెలుగు లెక్క కడుతుంది. మధ్యాహ్నం పులికాట్ నీళ్లు అద్దంలా మెరుస్తుంటే, ముందు మన మామ నిలబడితే, అది నీళ్ల మెరుపు చూసి వెలుగు తగ్గించేస్తుంది. మామ మొహం నల్లటి నీడ అయిపోతుంది. "కళాత్మకంగా ఉంది" అని పట్నపోళ్లు మెచ్చుకునే ఫోటోలు చాలా ఇవే. తేడా ఏందంటే, మిర్రర్‌లెస్‌లో ఈ తప్పు బటన్ నొక్కకముందే కనిపిస్తుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే ఫోటో ఎట్లా రాబోతుందో అట్లాగే చూపిస్తుంది. మొహం చీకటిగా ఉంటే వెలుగు ఒక మెట్టు పెంచు, అంటే ప్లస్ 1. నీళ్లు తెల్లగా మాడితే మాడనీ. మనకు కావాల్సింది మామ మొహం, నీళ్లు కాదు. పైగా రా ఫైల్ తీసుకోవచ్చు కాబట్టి రంగు సంగతి మనమే తేల్చుకోవచ్చు. ఇంకో మాట, ఆ ఎండలో వెనక తెర సరిగా కనపడదు. వ్యూఫైండర్ లేని చవక మోడళ్లు మనకొద్దు అనడానికి కారణం ఇదే.

ఇప్పుడు "కిట్ లెన్స్ బొమ్మ" అనే అన్నలకు. లోపాలు దాచం. ఈ లెన్స్ 18 దగ్గర ఎఫ్ 4.5 వరకే తెరుచుకుంటుంది, 45 దగ్గర ఎఫ్ 6.3. ఎఫ్ 1.8 లెన్స్‌తో పోలిస్తే ఆ చివర్లో లోపలికొచ్చే వెలుగు పన్నెండో వంతు. ఒక్క బల్బు ఉన్న గుడిసెలో రాత్రి పూట ఐఎస్ఓ పైకి పోతుంది, ఫోటోలో గింజలు పడతాయి. లెన్స్‌లో వణుకు ఆపే ఏర్పాటు ఉంది కానీ అది మన చెయ్యి వణుకునే ఆపుతుంది, పరిగెత్తే పిల్లోడిని ఆపదు. బాడీలో ఆ ఏర్పాటు అసలు లేదు. ఉప్పుగాలికి, ఇసుకకు, వానకు రక్షణగా సీలింగు లేదు. సముద్రం ఒడ్డున బతికే మనకు ఇది చిన్న విషయం కాదు. లెన్స్ గొట్టం లోపలికి ముడుచుకుంటుంది, తీసే ముందు తిప్పి బయటికి తేవాలి. ఆ తిప్పేచోట ఇసుక పడితే అంతే సంగతులు. ఒడ్డున లెన్స్ విప్పకూడదు, ఇంటికి రాగానే తడి గుడ్డ పిండి తుడవాలి, సంచిలో ఊరికే పడేయకూడదు. ఉమ్మడి కెమెరా కాబట్టి ఇది అందరి పని.

మంచి చెప్తాం. బ్యాటరీ, కార్డుతో బాడీ 375 గ్రాములు, లెన్స్ 130. మొత్తం అర కిలో. 24 మెగాపిక్సెళ్లు, గోడంత ఫ్లెక్సీకి కూడా చాలు. కన్ను ఎక్కడుందో అదే వెతికి ఫోకస్ పట్టుకుంటుంది కాబట్టి, కొత్తగా పట్టుకున్న ఇంటర్ పిల్లకు కూడా మొహం మసక రాలేదు. సెన్సర్ లెక్కలో ఈ లెన్స్ చూపు పాత ఫిల్ము కొలతల్లో 29 నుంచి 72 దాకా. ఒక చివర గుడిసె లోపల గోడకు ఆనుకుని నిలబడి ఇంటిల్లిపాదినీ తీయొచ్చు. ఇంకో చివర ఒక మనిషి మొహం తీయొచ్చు.

అసలు మాట ఇక్కడే ఉంది. ఆ 72తో మొహం తీయాలంటే ఆ మనిషికి నాలుగైదు అడుగుల దగ్గరికి పోవాలి. పేరు పెట్టి పిలవాలి. "పిన్నీ, ఫోటో తీస్తా" అని అడగాలి. ఆమె వద్దంటే ఆగాలి. పెద్ద టెలీ లెన్స్‌కు ఈ అవసరం లేదు. చెరువు గట్టు మీద జీపు ఆపి, నడుము లోతు నీళ్లలో చేత్తో చేపలు తడుముకుంటున్న మనోళ్లను, వాళ్లకు తెలియకుండానే తీసుకుని పోవచ్చు. ఏటా చలికాలం నేలపట్టు, పులికాట్ వైపు పక్షుల కోసం ఎంతమంది వస్తారో చూస్తూనే ఉన్నాం. పక్షులు అయ్యాక అదే లెన్స్ మనవైపు తిరుగుతుంది. ఫోటో కింద "జాలరి" అని ఉంటుంది, పేరు ఉండదు. ఊరు ఉండదు. ఆ మనిషికి ఒక ప్రింటు కూడా రాదు.

ఈ చూపుకు వందేళ్ల పైన చరిత్ర ఉంది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. ఏడో సంపుటంలో యానాదుల మీద రాశాడు. మనుషుల తలలు, ముక్కులు పనిముట్లు పెట్టి కొలవడం ఆయన పద్ధతి. ఆ కొలతలు ఇప్పటికీ లైబ్రరీల్లో ఉన్నాయి. కొలిపించుకున్న మన తాతల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.

శ్రీహరికోట సంగతి చూడండి. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. అంతకుముందు ఆ దీవి అడవిలో బతికింది మన యానాదులు. 2023 జూలై 14న చంద్రయాన్-3 లేచినప్పుడు ప్రపంచం కెమెరాలన్నీ ఆకాశం వైపు చూశాయి. మనమూ గర్వంగానే చూశాం. కానీ ఆ దీవిలో మన ఇళ్లు ఎట్లా ఉండేవో చూపించే ఒక్క పాత ఫోటో మీ ఇంట్లో ఉందా? ఉంటే కింద పెట్టండి. ఎన్ని వస్తాయో లెక్కపెడదాం. 2022లో జిల్లాలు విడదీస్తే సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది, మన బంధుత్వాలు మాత్రం ఆ గీత ఒప్పుకోలేదు. ఆ వైపు కాలనీల్లో ఇంకా అవ్వలు, తాతలు ఉన్నారు. వాళ్లు పోయాక ఏ లెన్స్ కొన్నా ఒకటే.

"మరి ఫ్లెమింగోల్ని ఎట్లా తీస్తాం?" అని ఒక తమ్ముడు అడిగాడు. ఈ లెన్స్‌తో తీయలేం. తీసినా గులాబీ చుక్కలు వస్తాయి. ఫ్లెమింగోలకు ఫోటోగ్రాఫర్ల కొరత లేదు తమ్ముడూ. మీ అవ్వకు ఉంది.

"కూడు లేనోళ్లకు కెమెరా ఏంది" అన్న అన్నకు గౌరవంగానే జవాబు. కూడు ముఖ్యమే. కానీ మన శ్మశానం పక్క నుంచి రొయ్యల గుంట గట్టు ఏటా ఎంత జరుగుతుందో ఎవరు చూపించాలి? వాన వస్తే కాలనీ రోడ్డు మోకాటి లోతు అవుతుందని అర్జీలో రాస్తే నమ్మేది ఎవరు? ఫోటో పట్టా కాదు, ఒప్పుకుంటాం. కానీ ఒకేచోట నిలబడి, ఒకే కొలతలో, ప్రతి ఏడాదీ తేదీతో తీసిన ఫోటోలు అర్జీ వెనక పెట్టినప్పుడు, "అట్లాంటిదేం లేదు" అనడం ఎదుటివాళ్లకు కష్టమవుతుంది. కాగితంలో లేనోడు లేనట్టే అని మనకు చూపించిన దేశం ఇది.

చివరి దెబ్బ మన మీదే వేసుకుందాం. బయటోళ్లను తిట్టడం తేలిక. మనలోనే కొందరు సొంత కాలనీలో గుడిసె, చినిగిన చొక్కా, ముక్కు కారే పిల్లోడిని తీసి, ఏడుపు మ్యూజిక్ పెట్టి రీల్స్ వదులుతున్నారు. ఆ పిల్లోడి అమ్మను అడిగారా? రేపు వాడు కాలేజీకి పోతే ఆ రీల్ వాడి వెంట రాదా? కెమెరా మన చేతికి వచ్చినంత మాత్రాన చూపు మనది అయిపోదు. ఫుల్‌ఫ్రేమ్ కొన్నా అంతే.

అందుకే మేం అడుగుతున్నది ఇది. ఆర్50, కిట్ లెన్స్‌తో. ఫుల్‌ఫ్రేమ్ కోసం ఇంకో రెండేళ్లు చందా కూడబెట్టొద్దు, ఆ రెండేళ్లు మన ముసలోళ్లకు ఉన్నాయో లేదో తెలియదు. మిగిలే డబ్బుతో రెండు హార్డ్ డిస్కులు, ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలి. ప్రింట్లకు విడిగా కొంత. చీకటికి ఎఫ్ 1.8 లెన్స్ తర్వాత చూద్దాం.

మూడు షరతులు. అడగకుండా ఎవరి ఫోటో తీయకూడదు. తీసిన ప్రతి మనిషికి నెలలోపు ప్రింటు చేతికి ఇవ్వాలి. ప్రతి ఫోటో వెనక మనిషి పేరు, ఊరు, తేదీ రాసి మన దగ్గర ఉంచాలి. వాళ్లు ఒప్పుకుంటేనే బయట పెట్టాలి.

మూడో ఆదివారం మేం తీసిన వాటిలో పదకొండు ప్రింట్లు వేయించి కాలనీలో పంచాం. ఒక తాత ఆయన ఫోటో చాలాసేపు చూసి, "నాకు ఇంత వయసొచ్చిందా" అని నవ్వి, రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు.

ఎవరికన్నా ఇంకా అభ్యంతరం ఉంటే కింద రాయండి, జవాబు చెప్తాం. వచ్చే ఆదివారం లోపల మాత్రం తేల్చేయండి.