తాగుడు ఉన్న ఇళ్లలో పెరిగే పిల్లల గురించి గ్రామ మహిళా సమాఖ్య తీర్మానం

విషయం: మద్యానికి బానిసైన తల్లిదండ్రుల పిల్లలకు ఉన్నత పాఠశాలలో కౌన్సెలింగ్ ఏర్పాటు.

సారా వ్యతిరేక ఉద్యమం మొదలైన దూబగుంట ఉన్న నెల్లూరు జిల్లా మనది. 1992లో మన అమ్మలూ అత్తలూ సారా కొట్లకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. నాడు కొట్టు మూయమని అడిగాం. నేడు తాగుడు ఉన్న ఇళ్లలో పెరుగుతున్న పిల్లల కోసం అడుగుతున్నాం.

తొమ్మిది, పది చదివే పిల్లల్లో కొందరు గుమ్మం దగ్గర నాన్న అడుగుల చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా గడుస్తుందో చెప్పగలరు. చెల్లికి పెందలాడే అన్నం పెట్టి పడుకోబెడతారు. పుస్తకాల సంచి పక్కింట్లో దాస్తారు. మర్నాడు బడిలో కునికితే శ్రద్ధ లేదని తిట్లు తింటారు. తాను బాగా చదివితే నాన్న మానేస్తాడని నమ్మే పిల్లలూ ఉన్నారు. ఆ బరువు వాళ్లది కాదు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాలపాటు గమనించింది. పేదరికం, తాగుడు, గొడవల మధ్య పెరిగీ నిలదొక్కుకున్నవారికి నమ్మకంగా అండగా నిలిచిన పెద్దలు ఉన్నారని తేల్చింది. కనుక నాన్న మానేదాకా పిల్లలను ఆగమనడం అన్యాయమని ఈ సమావేశం భావిస్తున్నది.

అందువల్ల ఏకగ్రీవంగా తీర్మానించడమైనది ఏమనగా: వారానికొక పూట శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను బడికి పంపవలసిందిగా మండల విద్యాధికారినీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారినీ కోరుతున్నాం. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ల వారి మానసిక ఆరోగ్యాన్ని ఇప్పటికే తన బాధ్యతగా తీసుకున్నది. పెద్దల తాగుడుకు తాము కారణం కాదనీ, దాన్ని మాన్పించడం తమ పని కాదనీ పిల్లలకు మొదట తెలియాలి. భయాన్నీ కోపాన్నీ నోరు తెరిచి చెప్పుకోవడం, గొడవ ముదిరితే ఎవరింటికి వెళ్లాలో ముందే అనుకోవడం, పిల్లల సహాయ నంబరు 1098కో, మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీ మానస్ 14416కో ఫోన్ చేసి ఏం చెప్పాలో అలవాటు చేసుకోవడం ఆ తర్వాత.

‘తాగుబోతుల పిల్లలు’ అనే ముద్ర పడితే ఒక్కరూ రారు. అందుకే తొలి తరగతులు అందరికీ జరగాలి. విడిగా మాట్లాడదలచిన వారికి తలుపు వేసిన గది కావాలి. అక్కడ చెప్పుకున్నది, ప్రాణాపాయమో హింసో ఉంటే తప్ప, బయటకు పోరాదు. మద్య వ్యతిరేక సభల్లో పిల్లలను వేదికెక్కించి ఏడిపించడాన్ని ఈ సమాఖ్య ఇకపై ఒప్పుకోదు.

అర్ధరాత్రి పిల్లలు తలుపు తడితే తీసే ఇల్లు వీధికొకటి ఉండేలా సభ్యులు పేర్లు ఇవ్వాలనీ, ఆ జాబితాను కార్యదర్శి ప్రధానోపాధ్యాయులకు స్వయంగా అందజేయాలనీ తీర్మానించడమైనది.