కష్టం పాఠానిది, పిల్లది కాదు

ఈమధ్య మా సంస్థ సమావేశానికి ఒక ఇంజనీరింగు కాలేజీ అమ్మాయి వచ్చింది. హాస్టలు ఇబ్బందుల గురించి మాట్లాడమంటే నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంది. సమావేశం అయిపోయి టీ తాగుతున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. మొదటి సంవత్సరం లెక్కల పేపరు రెండుసార్లు తప్పిందట. "అబ్బాయిల హాస్టల్లో పరీక్షల ముందు సీనియర్లు అర్ధరాత్రిదాకా కంబైన్డ్ స్టడీ పెడతారండీ. ఏ లెక్క ఎక్కడ మెలిక తిరుగుతుందో వాళ్లే చెప్పేస్తారు. మా గేటు ఆరున్నరకే మూసేస్తారు. పక్కగదిలో నలుగురం కూచుంటే కబుర్లు చెప్పుకుంటున్నామని వార్డెను మేడమ్ తిట్టి పంపేస్తుంది. అయినా నేనే మొద్దుదాన్నేమోలెండి" అంది.

ఆ చివరి మాట గురించే ఈ సంపాదకీయం.

ఆడపిల్ల కాలేజీ గడప తొక్కడమే ఒక పోరాటంగా ఉన్న రోజులనుంచి మనం చాలా దూరం వచ్చాం. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్లమందిలో 2.07 కోట్లమంది స్త్రీలు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వృత్తివిద్యా కళాశాలల్లో మూడోవంతు సీట్లు ఆడపిల్లలకు రిజర్వేషనుగా ఉన్నాయి. ఇవన్నీ ఎవరో దయతలచి ఇచ్చినవి కావు, అడిగి సాధించుకున్నవి. అయితే సీటు ఇవ్వడంతో తమ బాధ్యత తీరిపోయిందని ప్రభుత్వమూ, యాజమాన్యాలూ అనుకుంటున్నాయి. లోపలికి వెళ్లిన పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది అని అడిగే నాథుడు లేడు.

ఒక పేపరు తప్పడం అందరికీ ఒకటే కాదు. మగపిల్లవాడు తప్పితే సప్లిమెంటరీ రాస్తాడు. ఆడపిల్ల తప్పితే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలవుతుంది. 'చదువు అబ్బడంలేదు' అన్న ఒక్క మాట చాలు, ఆమె చదువు ముగిసిపోవడానికి. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద నడిచే చదువైతే, ఒక ఏడాది వెనకబడ్డప్పుడు ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్న వస్తుంది. తమ్ముడి చదువుకూ అక్క చదువుకూ మధ్య ఎంచుకోవలసి వస్తే మన ఇళ్లలో ఎవరిది ఆగుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి లెక్కల పేపరు అనేది ఉత్త లెక్కల పేపరు కాదు. అది స్త్రీల హక్కుల ప్రశ్న.

తప్పిన పిల్లను చూసి 'ఈమెకేం తక్కువయింది?' అని అడగడం మనకు అలవాటు. యాభై ఏళ్ల కిందట అమెరికాలో ఒక స్త్రీ ఈ ప్రశ్నను తిరగేసింది. 1973లో కాన్సస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో వైద్యం, దంతవైద్యం, ఫార్మసీ చదివే అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులు మధ్యలోనే చదువు వదిలేస్తుంటే దానికి మార్గం వెతికే పని డియానా మార్టిన్ అనే విద్యావేత్త మీద పడింది. వెనకబడిన విద్యార్థులెవరో ఏరి, వాళ్లను విడిగా కూర్చోబెట్టి పాఠం చెప్పడం అప్పటి పద్ధతి. ఆమె ఆ పని చెయ్యలేదు. ఎక్కువమందిని తప్పిస్తున్న కోర్సులేవో ఏరింది. తరగతిలో మూడోవంతుమంది తప్పుతున్నా, మధ్యలో మానేస్తున్నా కష్టమైనది ఆ కోర్సే తప్ప ఆ విద్యార్థులు కారు అన్నది ఆమె పద్ధతికి మూలసూత్రం. దానికి సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు. 1981లో అమెరికా విద్యాశాఖ దాన్ని ఆదర్శ కార్యక్రమంగా గుర్తించింది. తరవాత అది చాలా దేశాలకు పాకింది.

పద్ధతి చాలా సులువైనది. నిరుడు ఆ కోర్సు బాగా పాసైన విద్యార్థినిని నాయకురాలిగా ఎంచుకుంటారు. ఆమె ఈ ఏడాది కూడా ఆ తరగతిలో అందరితోబాటు కూర్చుని మళ్లీ పాఠం వింటుంది, నోట్సు రాసుకుంటుంది. వారానికి రెండుమూడుసార్లు, ఒక్కొక్క గంట, ఇష్టమైనవాళ్లందరితో కూర్చుంటుంది. ఆమె పాఠం చెప్పదు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు తను చెప్పకుండా మిగిలినవాళ్లవైపు తిప్పుతుంది. 'నీ నోట్సులో ఏముందో చదువు', 'ఈ మెట్టు నువ్వు బోర్డుమీద వెయ్యి', 'పరీక్షలో దీన్ని ఎలా తిప్పి అడగొచ్చు?' అని పని చేయిస్తుంది. ఇదంతా మొదటివారం నుంచే మొదలవుతుంది. ఎవరూ ఇంకా తప్పలేదు కాబట్టి తప్పినవాళ్లన్న ముద్ర ఎవరిమీదా పడదు. తొంభై మార్కుల పిల్లా వస్తుంది, ముప్పై మార్కుల పిల్లా వస్తుంది. రావడం తప్పనిసరి కాదు. శ్రద్ధ ఉన్నవాళ్లే వస్తారు కాబట్టి ఫలితాలు బాగుంటాయన్న విమర్శ ఒకటి ఉంది. అది కొట్టిపారెయ్యదగ్గది కాదు. కాని శ్రద్ధ ఉండి కూడా దారి దొరకనివాళ్ల గురించే కదా మన మాట!

లెక్చరరు చెయ్యలేనిది ఈ పిల్ల ఏం చేస్తుంది? ఒక చిన్న ఉదాహరణ. ఇంటర్ దాకా తెలుగులో చదివి బీకాంలో చేరిన అమ్మాయికి మొదటి చిక్కు డెబిట్, క్రెడిట్ల దగ్గరే. నగదు వస్తే పుస్తకంలో డెబిట్ రాయమంటారు. ఇంటిదగ్గర నాన్న ఫోనుకు బ్యాంకునుంచి డెబిట్ అని మెసేజి వస్తే డబ్బు పోయినట్టు. ఇదెలా కుదురుతుంది? బ్యాంకు రాసేది తన పుస్తకం. మనం దాచుకున్న డబ్బు బ్యాంకు మనకు ఉన్న బాకీ. మనకు అది తీర్చినప్పుడు దాని బాకీ తగ్గుతుంది, అందుకని మన ఖాతాలో డెబిట్ రాస్తుంది. ఇరవయ్యేళ్లుగా పాఠం చెబుతున్న లెక్చరరుకు అక్కడ ఒక చిక్కు ఉందన్న సంగతే గుర్తుండదు. నిరుడు అక్కడే తట్టుకు పడ్డ పిల్లకు మాత్రం ఆ రాయి ఎక్కడుందో బాగా తెలుసు. పైగా ఆమె దాన్ని తెలుగులో చెప్పగలదు. 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే నడపాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. పల్లెనుంచి వచ్చిన పిల్ల తనకు అర్థంకాని మాటను సిగ్గుపడకుండా అడగగలిగే చోటు ఒకటి ఇప్పుడు మరింత అవసరం.

అమెరికాదే మరో అనుభవం మనకు ఇంకా దగ్గరిది. 1970ల్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎక్కువగా తప్పుతున్నారు. వాళ్లకు పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, డబ్బు లేదు - ఇవీ అధ్యాపకులు చెప్పిన కారణాలు. యూరీ ట్రైస్మన్ అనే గణితవేత్త ఆ మాటలు నమ్మి ఊరుకోక, ఇరవైమంది నల్లజాతి విద్యార్థులనూ ఇరవైమంది చైనా సంతతి విద్యార్థులనూ దగ్గరగా గమనించాడు. ఆ కారణాలేవీ నిలవలేదు. తేడా వేరేచోట కనిపించింది. చైనా సంతతి పిల్లలు కొంత విడిగా చదువుకుని, తరవాత గుంపుగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దుకునేవారు. నల్లజాతి పిల్లలు చెప్పిన గంటలన్నీ బుద్ధిగా, ఒంటరిగా చదివేవారు. తాము ఎక్కడ తప్పుతున్నామో, అందరూ అక్కడే తప్పుతున్నారని కూడా వాళ్లకు తెలిసే వీలు లేకపోయింది. వాళ్లకు ట్యూషను పెట్టకుండా, అందరూ కలిసి కుస్తీపట్టేంత కష్టమైన లెక్కలిచ్చి ఆయన కూర్చోబెట్టాడు. ఫలితాలు మారిపోయాయి.

బుద్ధిగా, ఒంటరిగా! మన ఆడపిల్లలకు మనం నేర్పింది ఇదే కదా. 'తలుపేసుకుని చదువుకో', 'ఎవరితోనూ కబుర్లొద్దు', 'కాలేజీనుంచి తిన్నగా ఇంటికి రా'. ఈ జాగ్రత్తల వెనక ప్రేమ ఉండవచ్చు, భయం ఉండవచ్చు. ఫలితం మాత్రం ఒకటే. తన వైఫల్యం తనొక్కదానిదే అనుకుంటుంది పిల్ల. నలుగురు స్త్రీలు కూర్చుని మాట్లాడుకున్నప్పుడే మన కష్టం మన తలరాత కాదని తెలిసింది. స్త్రీల ఉద్యమం మొదలైంది అక్కడే. దెబ్బలు తినే భార్య గురించి మనం నేర్చుకున్న ఈ సత్యం, లెక్కలు తప్పే కూతురి విషయంలో ఎందుకు మరిచిపోతున్నాం?

ఇది మనకు పరాయి దేశపు సరుకేమీ కాదు. చిన్న వయసులోనే తాను నేర్చిన హిందీని తోటి స్త్రీలకు నేర్పడానికి బడి నడిపిన దుర్గాబాయి, మద్రాసులో తన చదువు సాగుతున్న రోజుల్లో ఇరుగుపొరుగు ఆడపిల్లలను బెనారస్ మెట్రిక్ పరీక్షకు చదివించింది. 1937లో వెలసిన ఆంధ్ర మహిళా సభకు ఆ చిన్న తరగతే విత్తనం. చదువుకుంటున్న ఆడది మరో ఆడదాన్ని చదివించడంతో మొదలైన సంస్థ అది.

మరి ఇప్పుడు అడ్డం వస్తున్నదేమిటి? తెలివి కాదు, కాలమూ చోటూ. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారనీ, అదే పని చేసే మగవారు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేలింది. కాలేజీనుంచి వచ్చిన కూతురు తల్లి పనిలో సగం అందుకుంటుంది. ఊరి బస్సు అయిదింటికే వెళ్లిపోతుంది. హాస్టల్లో ఉంటే గేటు మూస్తారు. భద్రత కోసమే అంటారు. కాని ఆడపిల్లల భద్రతను సాకుగా చూపి మగపిల్లలకు లేని ఆంక్షలు వాళ్లమీద పెట్టరాదని 2016లో గెజెట్‌లో వచ్చిన యూజీసీ లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లోనే ఉంది. ఢిల్లీలో 2015లో పింజ్రా తోడ్ పేరుతో విద్యార్థినులు లైబ్రరీ కోసం, రాత్రివేళల కోసం వీధికెక్కింది ఊరికే కాదు. ఆ నిబంధన ఉందన్న సంగతి మన కాలేజీల్లో ఎంతమంది ఆడపిల్లలకు చెప్పారు?

మాకు కొన్ని భయాలు కూడా ఉన్నాయి. వాటిని దాచుకోవలసిన పని లేదు. మొదటిది, పిల్లలే పిల్లలకు చెప్పుకుంటారు కదా అని ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులను అలాగే వదిలేస్తారు. ఈ పద్ధతిలో పాఠం చెప్పేది లెక్చరరే. విద్యార్థినాయకురాలు ఆ పాఠానికి తోడు మాత్రమే. లెక్చరరు లేని చోట ఆమెను నిలబెట్టడం మోసం. రెండోది, ఆడపిల్లలు ఓపిగ్గా చెబుతారని ఈ పని వాళ్ల నెత్తిన పెట్టి, 'సేవ' అని పేరు పెడతారు. స్త్రీల శ్రమకు సేవ అని పేరు పెట్టినప్పుడల్లా దానికి జీతం ఎగిరిపోతుంది. వారంలో ఆరేడు గంటలు పనిచేసే పిల్లకు గౌరవ వేతనం ఇచ్చి తీరాలి. మూడోది, ఎవరు నాయకురాళ్లవుతారన్నది. దళిత, ఆదివాసీ, ముస్లిం అమ్మాయిలు ఎప్పుడూ వినేవాళ్లుగా, మిగిలినవాళ్లు చెప్పేవాళ్లుగా ఉంటే పాత అంతరాలే కొత్త గదిలోకి వస్తాయి. రెమిడియల్ క్లాసు అనగానే 'కోటా పిల్లల క్లాసు' అని వెక్కిరించే సంస్కృతి మన కాలేజీల్లో ఉంది. కోర్సు పేరే తప్ప కులం పేరు, మార్కుల పేరు లేకుండా తలుపులు అందరికీ తెరవడం ఇందుకే ముఖ్యం.

అందుకని మేం కోరుతున్నవి ఇవి. ప్రతి కాలేజీ ఏటా ఏ కోర్సులో ఎంతమంది తప్పారో, అందులో స్త్రీలెంతమందో బయటపెట్టాలి. మూడోవంతుకు పైగా తప్పుతున్న కోర్సులకు విద్యార్థుల చదువు బృందాలను మొదటివారం నుంచే ఏర్పాటు చెయ్యాలి. అవి సాయంత్రం బస్సు వెళ్లిపోయాక కాకుండా, పగటిపూట, టైంటేబులులోనే ఉండాలి. ఒక గది, ఒక బోర్డు, నాయకురాళ్లకు కొద్దిపాటి శిక్షణ, నెలనెలా గౌరవ వేతనం - వీటికయ్యే ఖర్చు కాలేజీ గేటుకు వేసే ఆర్చీ ఖర్చుకన్నా తక్కువే. అబ్బాయిల హాస్టల్లో చదువుకునే గది ఎంతసేపు తెరిచి ఉంటుందో అమ్మాయిల హాస్టల్లోనూ అంతసేపు తెరిచి ఉండాలి.

ఇవన్నీ జరిగేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మీ ఊళ్లో నిరుడు ఆ పేపరు పాసైన అమ్మాయి ఎవరో కనుక్కోండి. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటి వసారాలో ఒక చాప పరవండి. ఆ రెండు గంటలు ఆ పిల్లలకు మరే పనీ చెప్పకండని వాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పండి. అన్నిటికన్నా కష్టమైన పని ఈ చివరిదే.

సమావేశానికి వచ్చిన ఆ అమ్మాయిని, నీతోబాటు తప్పినవాళ్లు ఎంతమంది అని అడిగాం. కాసేపు వేళ్లమీద లెక్కపెట్టుకుంది. "మా ఫ్లోరులోనే పదకొండుమందిమండీ" అంది. పదకొండుమంది పదకొండు మంచాలమీద కూర్చుని, విడివిడిగా, ఎవరికి వారే మొద్దులమనుకుంటున్నారు. ముందు ఆ పదకొండుమందీ ఒక గదిలోకి రావాలి. ఆ గది తలుపు తెరిపించడం మన పని.

- సంపాదకవర్గం