సంతానలేమి - పరీక్ష యిరువురికిని

జగిత్యాల ప్రాంతమునుండి యొక చదువరి వ్రాసిన జాబు ఈ మాసమున మాకు చేరినది. పెండ్లియై నాలుగేండ్లు గడచినవి. భర్త దుబాయిలో పనిచేయుచు, రెండేండ్ల కొకమారు నలువది దినముల సెలవుపై వచ్చుచుండును. కడుపు పండలేదని అత్తగారు మారుమనువు మాట యెత్తినదట. తాను గొడ్రాలగునా యని యామె ప్రశ్న.

ముందుగా లెక్క చూతము. దంపతులు కలిసి కాపురము చేయుచు ఏడాది గడచినను గర్భము నిలువనిచో దానిని వైద్యులు సంతానలేమి యందురు. స్త్రీకి ముప్పదియైదేండ్లు దాటినచో ఆరు మాసములకే వైద్యుని చూడవలెను. ఈ సోదరికి పెండ్లినాటి సెలవుతో కూడ మూడు సెలవులు, అనగా నూట యిరువది దినముల కాపురము. అందును నెలకు ఆరు దినములే అదను. అండము ఒక దినము మాత్రమే నిలుచును; శుక్రకణము లైదు దినములవరకు బ్రదుకును. ఈ సోదరికి అట్టి అదను కొద్ది మారులకు మించి వచ్చియుండదు. ఈ మాత్రమునకే యామెను గొడ్రాలనుట అన్యాయము. ఇక మారుమనువు మాట: 1955 నాటి హిందూ వివాహ చట్టము ననుసరించి, భార్య జీవించియుండగా, విడాకులు లేక చేసికొనిన రెండవ పెండ్లి చెల్లదు.

మన వాడుకలో స్త్రీకి గొడ్రాలను పేరు సిద్ధముగా నున్నది. పురుషుని నట్లు పిలుచుట మేము వినలేదు. మన పెద్దలు మాత్రమిట్లు తలపలేదు. సుశ్రుతుడు గర్భమునకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము అను నాలుగును కావలెననెను. భారతమున విచిత్రవీర్యుడు ఇరువురు రాణులుండియు సంతానము లేకయే గతించెను. రఘువంశమున దిలీపుడు సుదక్షిణతో కూడి వసిష్ఠాశ్రమమునకు బోయెను గాని యామె నొంటరిగా పంపలేదు. మన వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు చెల్లించునపుడును దంపతులు కలిసియే కోడెను పట్టి తిరుగుదురు. మ్రొక్కునకు కలిసి పోవువారు ఆసుపత్రికి మాత్రము స్త్రీ నొక్కతెనే పంపుట యేమి?

సంతానము లేని జంటలలో సుమారు సగమింట పురుషునియందును లోపము కనబడుచున్నది. అతని పరీక్ష మిక్కిలి సులభము, కోతలేదు, మత్తులేదు. రెండు మొదలు ఏడు దినములు నియమముగా నుండి వీర్యము నీయవలెను. ఒక మిల్లీలీటరునకు కోటి యరువది లక్షల కణములకంటె తక్కువయున్నను, కదలిక చాలకున్నను కొన్నివారములు గడచిన పిదప మరల చేయింతురు. వృషణముల సిరలుబ్బుట, యౌవనమున వచ్చిన గవదబిళ్ళలు, పొగాకు, మద్యము, నిత్యము మిక్కిలి వేడిమిలో పనిచేయుట ఇందుకు కారణములు కావచ్చును. కండలు పెరుగుటకై నేటి యువకులు తీసికొను టెస్టోస్టిరోను సూదిమందు బీజమును ఎండగట్టును. ఈ సంగతి తల్లులు తమ కొడుకులకు చెప్పవలెను.

స్త్రీకి నెలసరి తప్పుచుండుట, అండాశయములలో నీటిబుడగలు, థైరాయిడు దోషము, గర్భనాళములు మూసికొనిపోవుట ముఖ్య కారణములు. క్షయవ్యాధి గర్భాశయమును, నాళములను పట్టుట మన దేశమున అరుదుకాదు. దగ్గులేకయే యది లోపల నుండవచ్చును. నెత్తురు పరీక్ష, స్కానింగు, నాళములలోనికి రంగుమందు నెక్కించి తీయు ఎక్స్‌రే - వీనితో చాలవరకు తేలును. అండము విడుదలకు మాత్రలు గలవు, క్షయకు మందులు గలవు. భర్త పరీక్ష కాకుండ భార్యకు నాళముల పరీక్షలును శస్త్రచికిత్సలును చేయించుట ధనమునకు, దేహమునకు నష్టము.

కణములు మిక్కిలి తక్కువైన పురుషునకును నేడు ఉపాయము కలదు. ఒక్క కణమునే సూదితో అండములోనికి పంపు విధానమున గర్భములు నిలిచినవని 1992లో బ్రస్సెల్సు వైద్యులు ప్రకటించిరి. 2023 అక్టోబరులో సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రియందు ప్రభుత్వమే యిట్టి చికిత్సాకేంద్రమును తెరచినది. ప్రైవేటు కేంద్రమునకు పోవువారు, 2021 చట్టము క్రింద నమోదైనదో లేదో చూచి మరీ పోవలెను. ఆ చట్టము స్త్రీకి యాబది, పురుషునకు ఏబదియైదు ఏండ్ల పరిమితి విధించినది. తప్పక బిడ్డ పుట్టునని మాట యిచ్చువారిని మేము నమ్మము.

జగిత్యాల సోదరి యిట్లు చేయవచ్చును. నెలసరి తేదీలను పంచాంగముపై గుర్తుపెట్టి, అదనుదినములు సెలవులో పడునట్లు భర్తకు వ్రాయవలెను. క్రొత్తకణము లేర్పడుటకు రెండున్నర నెలలు పట్టును గావున, అతడు సిగరెట్టు, గుట్కా అలవాటున్నచో రాకకు మూడు నెలల ముందే మానవలెను. వచ్చిన మొదటి వారముననే అతని పరీక్ష చేయించి, ఆ చీటీని అత్తగారికిని చదివి వినిపించవలెను. ఆ తరువాతనే యామె పరీక్షలు.