వంతెన దాటేవాళ్లను అడిగారా?

2025 జులై 9 ఉదయం గుజరాత్‌లో వడోదర, ఆనంద్ జిల్లాలను కలిపే గంభీరా వంతెన తెగిపడి, వాహనాలు మహీ నదిలో పడ్డాయి. కనీసం 20 మంది చనిపోయారు. 1985 నాటి వంతెన, వయసు నలభై ఏళ్లే. అది ప్రమాదకరంగా ఉందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందే మొత్తుకున్నారు. కొత్తది కట్టడానికి అనుమతి కూడా వచ్చేసింది. కానీ పాతదాని మీద బండ్లు ఆగలేదు. ప్రమాదం తర్వాత నలుగురు ఇంజినీర్లను సస్పెండ్ చేశారు.

ఉద్యోగాల పేజీలో ఈ గొడవంతా ఎందుకంటారా? రేపు ఆ కుర్చీల్లో కూర్చునేది మీరే కదా! ఏఈఈ పోస్టుకు ప్రిపేరయ్యేవాళ్లు బీముల లెక్కలు బాగానే చేస్తారు. 'సార్, లారీ వెళ్తే వంతెన ఊగుతోంది' అని పాలు పోసే అతను చెప్తే ఏం చేయాలో మాత్రం ఏ కోచింగ్ సెంటరూ నేర్పదు.

పునాది ఎంత లోతు, ఎంత బరువు మోయాలి అనేది ఇంజినీరే తేల్చాలి. అందులో చేతులెత్తి ఓటేయడాలుండవు. కానీ నడిచి దాటేవాళ్లెందరు, సైకిళ్లకు చోటు కావాలా, వరద ఎక్కడిదాకా వస్తుంది, పని జరిగినన్నాళ్లూ పిల్లలు కాలేజీకి ఎటు తిరిగి వెళ్లాలి... ఇవన్నీ ఊళ్లోనే తెలుస్తాయి. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనను మరమ్మతులకు మూసేస్తే ఎంత అవస్థో రాజమహేంద్రవరం, కొవ్వూరు వాళ్లను అడగండి.

జనాన్ని అడిగి తీరాలని చట్టం ప్రతిసారీ పట్టుబట్టదు. కొత్తగా భూమి తీసుకుంటే సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ జరపాలని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. మౌలిక వసతుల ప్రాజెక్టులకు దీన్నుంచి మినహాయింపు ఇచ్చుకునేలా రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు చేసుకున్నాయి. ఉన్న స్థలంలోనే కడితే ఆ ఊసే రాదు. ఇది సరికాదు. టెండర్ పిలవకముందే గ్రామసభ పెట్టాలి. తర్వాత పెట్టే సభల్లో శాలువాలు తప్ప ఏముంటాయి?

ఈ పని సివిల్ వాళ్లదొక్కటే కాదు. ఇంటింటి సర్వేలు, ప్రభావ అంచనా నివేదికలకు ఎంఎస్‌డబ్ల్యూ, ఎకనామిక్స్ చదివినవాళ్లు కావాలి. సివిల్ విద్యార్థులైతే వంతెనల తనిఖీపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ తెచ్చిన ఎస్పీ 35 తప్పక చదవాలి. ఆ తర్వాత ఒక ఉదయం మీ ఊరి వంతెన దగ్గర నిలబడండి. నడిచేవాళ్లు, బైకులు, ట్రాక్టర్లు ఎన్నో లెక్కేయండి. పగుళ్లుంటే ఫొటో తీయండి. పదిమందితో మాట్లాడి రాసుకోండి. ఆ కాగితాలు ప్రాజెక్టు రిపోర్టుకు పనికొస్తాయి, ఇంటర్వ్యూలోనూ మాట్లాడొచ్చు. ఒక కాపీ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీగా ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.