నెత్తురు రంగు మారిస్తే చాలా?

ఈమధ్య విజయవాడలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. పదో తరగతి చదివే మేనల్లుడు గది తలుపు వేసుకుని ఫోనులో ఏదో కాల్పుల ఆట ఆడుతున్నాడు. "అన్నయ్యా, రోజూ ఇంతమందిని చంపుతున్నాడు, రేపు నిజంగానే ఎవరినైనా కొడతాడేమో" అంది చెల్లెలు గొంతు తగ్గించి. నేను వాడి మొహం చూశాను. క్రూరత్వమేమీ కనబడలేదు, కళ్ళకింద నల్లటి చారలు కనబడ్డాయి. రాత్రి ఎప్పుడు పడుకున్నావురా అంటే, "మూడింటికి మావయ్యా" అన్నాడు.

మనం భయపడవలసినది ఒకటైతే, భయపడుతున్నది మరొకటి.

హింసాత్మకమైన ఆటలు పిల్లలను హంతకులను చేస్తాయన్న వాదం పాతదే. 1999లో అమెరికాలోని కొలంబైన్ పాఠశాలలో కాల్పులు జరిపిన కుర్రవాళ్ళు 'డూమ్' ఆడేవారని తెలియగానే నింద ఆ ఆట మీద పడింది. ఇటువంటి ఆటలను పద్దెనిమిదేళ్ళలోపు వారికి అమ్మరాదని 2005లో కాలిఫోర్నియా చట్టం చేస్తే, 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో కొట్టివేసింది. గ్రిమ్ సోదరుల కథల్లో మాత్రం నెత్తురు తక్కువా అని ఆ తీర్పు గుర్తుచేసింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ళ బ్రిటిష్ పిల్లలను సుమారు వెయ్యిమందిని పరిశీలించి, ఈ ఆటలకూ దురుసు ప్రవర్తనకూ సంబంధం కనబడలేదన్నారు. అరవడం, తోయడం వంటి వాటితో కొద్దిపాటి సంబంధం ఉన్నా, నిజమైన హింసకు ఆటలే కారణమనడానికి ఆధారాలు చాలవని 2020లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కూడా తేల్చింది.

పోనీ, పరిశోధనల మాట అటుంచుదాం. తెరమీద కథానాయకుడు తలలు నరుకుతుంటే పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఈలవేసే తండ్రికి, ఫోనులోని తుపాకీని చూసి ఉలిక్కిపడే హక్కు ఎక్కడిది? నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ చంపిన కథ మనమే చెబుతాం. అయితే, శిరోమణి పోగొట్టుకుని అతడు పడిన పాట్లు కూడా చెబుతాం. కథ వినే పిల్లవాడి పక్కన ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆ గదిలో మావాడి పక్కన ఎవరూ లేరు.

2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వం పబ్జీతో సహా 118 యాప్‌లను నిషేధిస్తే ఎందరో తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. ప్రభుత్వం చెప్పిన కారణం దేశభద్రత. పిల్లల ఊసే లేదు. 2021లో అదే ఆట 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' పేరుతో వచ్చింది. ఈసారి నెత్తురు ఆకుపచ్చగా కారింది! పద్దెనిమిదేళ్ళలోపు వారికి రోజుకు మూడు గంటలు, ఏడువేల రూపాయలు అని హద్దులు కూడా పెట్టారు. రోజుకు ఏడువేలు ఖర్చుపెట్టగల పిల్లవాడు ఏ ఇంట్లో ఉంటాడండీ? నెత్తురు రంగు గురించి మాట్లాడుకున్న మనం ఆ అంకెను ఎందుకు పట్టించుకోలేదు?

అసలు దోషి అక్కడున్నాడు. రోజూ వచ్చినవాడికి బహుమతి, రానివాడికి నష్టం, గడువు దాటితే దొరకని వేషాలు, మధ్యలో లేచిపోతే తిట్టే జట్టువాళ్ళు. తుపాకులు తీసేసి పూలు పెట్టినా ఈ వల ఇలాగే పనిచేస్తుంది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణలో ఆటల వ్యసనం ఒక రుగ్మతగా చేరింది. ఆటపై అదుపు తప్పడం, తక్కినవన్నీ వెనక్కుపోవడం, నష్టం తెలిసీ మానలేకపోవడం దాని లక్షణాలు. అందులో నెత్తురు ప్రసక్తి లేదు.

అలాగని పన్నెండేళ్ళవాడి చేతికి 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో' ఇమ్మనడం లేదు. దానిమీద 18 అని అచ్చువేసినది అలంకారానికి కాదు. పదిహేను, పదహారేళ్ళవాడు కాల్పుల ఆట ఆడవచ్చుననే నా అభిప్రాయం. కాకపోతే హాల్లో, నలుగురి మధ్య ఆడాలి. రాత్రి పదయ్యాక ఫోను వాడి గదిలో ఉండకూడదు. 2021లో చైనా చేసినట్టు వారానికి మూడు గంటలని ప్రభుత్వం కొలిచి ఇవ్వాలని నేను కోరను. ఇంట్లోవాళ్ళు చేయవలసిన పని అది.

"వాడు ఎంతమందిని చంపాడని కాదమ్మా, ఎన్నింటికి పడుకున్నాడని అడుగు" అన్నాను చెల్లెలితో.

"అడిగితే వింటాడా?" అంది, చేతిలోని ఫోను మీంచి చూపు తిప్పకుండానే.

కాదనేవారుంటే వాదించండి, వింటాను. ముందుగా మీ ఇంట్లో రాత్రి పదింటికి ఎన్ని ఫోన్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టి రండి.