ద్వీపాంతరమున ఒక పొయ్యి

లవంగము లేని వంటిల్లు మన దేశమున అరుదు. ఆ లవంగము మన నేలను పుట్టినది కాదనియు, సముద్రము దాటి వచ్చినదనియు మనము తరచుగా తలపము. రఘువంశమున ఇందుమతీ స్వయంవర ఘట్టములో కాళిదాసు కళింగరాజును వర్ణించుచు, ద్వీపాంతరములనుండి లవంగపుష్పములను మోసికొనివచ్చు గాలులను పేర్కొనెను. ఆ ద్వీపాంతరముల దేశమే నేటి ఇండోనేషియా. 17,000లకు పైబడిన దీవులు గల ఆ దేశమున ఫ్లోరెస్ అను దీవి యొకటి. దాని పశ్చిమభాగమున, మంగరై అను సీమలో, సముద్రమట్టమునకు సుమారు 1,100 మీటర్ల యెత్తున కొండలనడుమ వాయెరెబో అను పల్లె కలదు. ఈ మాసము సోదరీమణులకు ఆ పల్లెను గూర్చి చెప్పదలచితిమి.

బండిబాట కొండదిగువనే ఆగిపోవును. అటుపై అడవిలో గంటలకొలది కాలినడక. ఆ యెత్తున వరి సరిగా పండదు గనుక బియ్యముసైతము దిగువనుండి మనుష్యులు మోసికొనియే ఎక్కవలయును.

ఊరంతయు ఏడిండ్లు. ఏడిండ్ల ఊరనగానే ఏడు కుటుంబములని తలంపరాదు. ఒక్కొక్క యింట ఆరు కుటుంబములును, పెద్దయింట ఎనిమిదియు ఉండుట వారి సంప్రదాయము. మన ఉత్తర కోస్తా పల్లెలలోని చుట్టిండ్లను చూచినవారికి వాని యాకారము సులభముగా బోధపడును. గుండ్రని నేల, నేలదాక దిగిన కప్పు. అయితే చుట్టిల్లు వంగి దూరునంతటిది, పెద్దయిల్లో సుమారు 15 మీటర్ల యెత్తు. కప్పునకు తాటిజాతి యాకు వేయుదురు. ఆ యాకును వారు ‘లొంతార్’ అందురు. ‘రొంతాల్’ అను జావాదేశపు మాట తారుమారై అట్లయినదట. అందులోని ‘తాల్’ మన సంస్కృత తాలవృక్షమే. మాట యింత దూరము ప్రయాణము చేసి అక్కడను ఇంటికప్పుగానే నిలిచినదిగదా యని మాకు ముచ్చట కలిగినది.

లోపల ఒకదానిపై నొకటిగా ఐదంతస్తులు. క్రింద మనుష్యులుందురు. రెండవదానిలో తిండిగింజలును సామానును, మూడవదానిలో విత్తనములును, నాల్గవదానిలో కరవుకాలమునకు దాచిన ధాన్యమును ఉంచుదురు. అన్నిటికి పైనున్నది పితృదేవతల నైవేద్యమునకు. ఇంటినడుమ, క్రింది యంతస్తున, పొయ్యి యుండును. పొగగొట్టము లేదు. పొయ్యినుండి లేచిన పొగ ఐదంతస్తులను దాటి ఆకుకప్పులోనుండియే బయటికి పోవలయును. ఆ పొగవలననే వాసములకు పురుగు పట్టదు, ఆకు త్వరగా కుళ్లదు, విత్తనము చెమ్మగిల్లదు. మన పెద్దవారు విత్తనపు కంకులను పొయ్యిపైని దూలమునకు వ్రేలాడదీయుట ఎరిగిన వారికి ఇందులో వింత యేమియు తోచదు. ఆ యింటిని నిలుపునది వడ్రంగి యొక్కడే కాడు. మూడుపూటలు పొయ్యి రాజేయు ఇల్లాలును నిలుపుచున్నది.

2008లో జకార్తానుండి యోరి అంతర్ అను గృహనిర్మాణ శిల్పి ఆ యూరికి వచ్చునాటికి ఏడింటిలో నాలుగిండ్లే మిగిలియుండెను. కట్టు విద్య వృద్ధులయొద్దనే యుండెను, యువకులకు అలవడలేదు. దాతల ద్రవ్యము చేకూర్చి, వృద్ధులచేతనే యువకులకు నేర్పించి, ఆ ఊరివారే మరల కట్టుకొనునట్లు చేసిరి. ఏడిండ్లును మరల నిలిచినవి. 2012లో యునెస్కో వారు ఆసియా పసిఫిక్ వారసత్వ సంరక్షణమునకిచ్చు ఉత్తమ బహుమానము దీనికి లభించెను. అది మొదలు లోకమంతటినుండియు చూడవచ్చువారు పెరిగిరి. వారు తీసిన ఛాయాచిత్రములలో మంచులో తేలుచున్న ఏడు కప్పులు అతిమనోహరముగా కనబడును. కప్పులక్రింది పొయ్యి కనబడదు.

ఆ పొగను మేము కీర్తించుటలేదు. గ్యాసు పొయ్యియొద్ద కూర్చుండి కట్టెపొగను పొగడుట మనకు తగదు. కన్నులకును ఊపిరితిత్తులకును అది చేయు చెరుపు మన అమ్మమ్మల దగ్గులో విన్నదే. కాని పొయ్యి చల్లారినచో ఆ యిండ్లగతి ఏమి? అదియే ఆ యూరికి ముందున్న చిక్కు.

ఏలయన బడి ఆ యూర లేదు. పిల్లలు ఆరేడేండ్లవారు కాగానే దిగువనున్న కొంబో అను పల్లెకు పోయి అక్కడనుండి చదువుకొనవలయును. కొంబో కూడ వాయెరెబోవారు కట్టుకొన్నదే. వారిలో పలువురకు పైన నొక యిల్లు, క్రింద నొక యిల్లు. పిల్లలు సెలవులకు ఎక్కివత్తురు. బడిపంతులుగారి యింట దినములు గడపు మేము బడిని నిందింపజాలము. చదువుకొనిన బిడ్డ తిరిగివచ్చి కాఫీతోట త్రవ్వునా యని అడుగకుండను ఉండజాలము.

వారి యాచారమొకటి ఇక్కడ చెప్పవలయును. మంగరై సీమలో బిడ్డ పుట్టగానే బయటనుండి “లోపలి మనిషియా, బయటి మనిషియా” అని అడుగుదురట. లోపలి మనిషి యనగా మగబిడ్డ, బయటి మనిషి యనగా ఆడుబిడ్డ. మనవారు “ఈడ పిల్ల కాదు, ఆడ పిల్ల” అనుట వంటిదే యిది! కూతురు పెండ్లియై అత్తవారి గోత్రమున చేరును. ఇల్లును భూమియు కొడుకులవి. విచిత్రమేమన, ఆ యూరి మూలపురుషుడగు ఎంపో మారో సుమత్రాలోని మినంగ్కబావు దేశమునుండి వచ్చినాడని వారి కథ. ఆ దేశమున ఇల్లును పొలమును తల్లినుండి కూతురికి సంక్రమించును. త్రోవలో నెక్కడనో కూతురి వాటా జారిపోయినదన్నమాట. నేడు బడి వచ్చి కొడుకును సైతము బయటి మనిషిని చేయుచున్నది.

ఇక జీవనోపాయమనగా ముఖ్యముగా కాఫీ. పండు కోయుట మొదలు దంచి వేయించువరకు స్త్రీల చేయి పడని పని లేదు. ఇండ్లనడుమ బయలున కాఫీగింజలు ఆరవేసి, రోకళ్లతో దంచుదురు. నల్లని నేలపై రంగుల పూవులు తేలు ‘సొంగ్కె’ వస్త్రమును మగ్గముపై నేయుదురు. వచ్చిన యతిథులు మొదట పెద్దయింటికి పోయి, పెద్దవాడు పితృదేవతల యనుజ్ఞ గైకొన్న పిదపనే ఊరు తిరుగవలయును. రాత్రి నిలిచినవారికి చాపలు పరచి అన్నము పెట్టుదురు. ఆ పైకము ఊరికి కొత్త యాదాయము. ఈ వంటకును, నేతకును, కాఫీకిని వచ్చు సొమ్ములో స్త్రీచేతికి ఎంత చేరునో దానినిబట్టియే చదివిన కూతురును, ఇంటికి వచ్చు కోడలును పైకెక్కుటయో మానుటయో నిశ్చయింతురని మా యభిప్రాయము. పైననే చిన్న బడి యొకటి పెట్టినచో సగము చిక్కు తీరునని కూడ తోచుచున్నది.

నవంబరు మాసమున ‘పెంతి’ యని వారికి సంవత్సరాది పండుగ. పంటకు కృతజ్ఞత చెప్పి, క్రొత్త యేటికి దీవెన వేడుకొందురు. పెద్దయింట దాచిన తాతలనాటి తప్పెటలు మ్రోయును. దిగువకు పోయినవారు కుటుంబములతో ఎక్కివత్తురు. పండుగ ముగియగానే పిల్లలు బడికై మరల కొండదిగవలసినదే.