రెండు రూపాయల వడ్డీ

పల్నాడులో మా ఊరి కౌలు రైతు ఒకాయన మొన్న పురుగుమందుల కొట్టు చీటీలన్నీ అరుగు మీద పరిచి చూపించాడు. మూడెకరాల మిరప. విత్తనం అరువు, ఎరువు అరువు, తామరపురుగుకు కొట్టిన ప్రతి మందూ అరువే. చీటీలో వడ్డీ ఉండదు. నూటికి రెండు రూపాయలని నోటిమాట. టిక్కీలు కట్టాక కొట్టాయన చెప్పిన కమీషన్ వ్యాపారికే సరుకు తోలాలి. బేరమాడే హక్కు విత్తనం తెచ్చుకున్న రోజే పోయింది.

నూటికి రెండంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో పంట రుణం 7 శాతం, గడువులోగా కడితే 4. ఈ తేడా అంతా ఒక్క సంతకం దగ్గరుంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు 11 నెలల కార్డు ఇస్తానంది, భూమి యజమాని సంతకం పెడితేనే! ఆయనెందుకు పెడతాడు? పొలం చేజారుతుందని భయం. పైగా చాలాచోట్ల ఆ సర్వే నంబరు మీద ఆయనే పంట రుణం తీసుకుని ఉన్నాడు. మాఫీ వచ్చినా ఆయన ఖాతాకే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టా చూసే డబ్బు వేసింది. నాగలి పట్టినవాడికి మిగిలింది ప్రామిసరీ నోటు.

రైతు దుబారా చేసి అప్పులపాలవుతున్నాడనే పెద్దమనుషులకు కేంద్రం 2019లో చేయించిన సర్వే చాలు. ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పట్లో అప్పులో ఉన్నాయి. సగటు అప్పు 2,45,554 రూపాయలు, నెల రాబడి 10,480. ఆ అప్పంతా మా ఊరి వడ్డీకే తెచ్చిందైతే నెలకు 4,900 పైచిలుకు వడ్డీకే పోతుంది. బ్యాంకు వడ్డీకైతే 1,450 కూడా దాటదు. దుబారా ఎక్కడ జరుగుతోందో ఇప్పుడు చెప్పండి!

2025 ఫిబ్రవరిలో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలంది. కౌలు, కోత కూలి, వడ్డీ పోను అందులో ఏం మిగులుతుందో ఒక్కరైనా కల్లంలోకొచ్చి అడిగారా?

ఏ చేను ఎవరు దున్నుతున్నారో ఊరందరికీ తెలుసు. గ్రామసభ పెట్టి అడగండి, పేరు రాయండి. యజమాని సంతకం నిబంధన తీసేయండి, ఆయన పట్టాకు ఢోకా లేదని చట్టంలోనే రాసివ్వండి. రుణం, బీమా, నష్టపరిహారం సాగు చేసేవాడి ఖాతాలో వేయండి. వచ్చే ఖరీఫ్ విత్తనాలు కొట్లోకి దిగకముందే వేయండి.